వేళలేని కొలువులో కండ కట్టిన మా మల్లేశం బావ

సుబేదార్ మల్లేశం బావ ఇక లేరు. పోయిన వారం ఉదయపు నడక ముగించుకొని, ఎల్బీ నగర్‌లోని ఇంటికి వచ్చి, మంచినీళ్లు తాగి కుర్చీలో వెనక్కి వాలారు. వాలినవారు వాలినట్టే కన్నుమూశారు. నేను సైన్యంలో సిగ్నల్స్ విభాగంలో, దూరాన సరిహద్దు దగ్గర డ్యూటీలో ఉన్నాను. మా అక్క సువర్ణ ఫోన్ చేసి, "తమ్మీ, మీ బావ ఎంత లేపినా లేస్తలేడురా" అన్నది. ఆ మాట నా బుద్ధికి ఎక్కడానికి చాలాసేపు పట్టింది. అరవై దాటినా పాతికేళ్ల యువకులు అసూయపడే భుజాలు ఆయనవి. అంతటి దృఢకాయాన్ని మృత్యువు ఇంత నిశ్శబ్దంగా ఎత్తుకుపోగలదని నేనెన్నడూ ఊహించలేదు. అయితే రైలు హైదరాబాదు చేరేసరికి నా దుఃఖంలో ఒక తృప్తి కూడా కలిసింది. ఆయన కోరుకున్నట్టు బతికారు, ఎవరినీ కష్టపెట్టకుండా వెళ్లారు.

ఆ భుజాలు ఆయనకు పుట్టుకతో రాలేదు. నల్లగొండ పల్లె నుంచి వలస వచ్చిన లారీ డ్రైవరు కొడుకు ఆయన. పెళ్లినాటికి జొన్నకర్రలా ఉండేవారు. సైన్యంలో చేరి కొన్నేళ్లయినా బక్కపలుచని మనిషే. ఆ దేహం మారడానికి కారణం ఒక ప్రమాదం.

హిమాలయాల్లోని ఒక చౌకీకి సామాను మోసుకెళ్తూ మంచు మీద జారిపడి ఎడమ తొడ ఎముక విరగ్గొట్టుకున్నారు. కట్టు విప్పిన నాడు చూస్తే ఆ కాలు చేయంత సన్నబడి ఉంది. అధికారులు ఆయన మెడికల్ కేటగిరీ తగ్గించి, కింది శిబిరంలో సామాన్ల గిడ్డంగికి వేశారు. మళ్లీ మెడికల్ బోర్డు పరీక్షించేనాటికి కాలికి బలం రాకపోతే తన పటాలంతో పైకి వెళ్లడం ఇక కుదరదని చెప్పారు. మరొకరైతే అదృష్టమనుకునేవారేమో. బావకు మాత్రం అది శిక్షగా తోచింది. "మా వాళ్లంత పైన మంచుల ఉంటె నేను కింద బియ్యం సంచులకు కాపలా కూసోవాల్నా?" అనేవారట.

కాలికి కండ పట్టాలంటే వేళకు కసరత్తు, వేళకు తిండి, వేళకు నిద్ర ఉండాలని అందరూ చెప్పేవారే. సిపాయి కొలువులో ఆ మూడింటికీ వేళ ఎక్కడిది? ఒకనాడు రాత్రి కాపలా, ఒకనాడు తెల్లవారకముందే వంటశాల పని, ఇంకొకనాడు కబురు లేకుండా బయలుదేరే కాన్వాయ్. బావ మొండిగా, ఏమైనా సరే ప్రతిరోజూ ఒకే వేళకు బరువులెత్తాలని నిశ్చయించుకున్నారు. రాత్రంతా నిలబడి వచ్చి, కన్నైనా మూయకుండా కసరత్తుకు దిగేవారు. కొన్నాళ్లకే మోకాలు కుండలా వాచింది.

సైనిక ఆసుపత్రిలో ఆయనను చూసిన కెప్టెన్ డాక్టరు గోదావరి జిల్లా ఆవిడ. "మల్లేశం గారూ, మీకు కండ కావాలా, వాపు కావాలా?" అని అడిగారట.

"కండనే గావాలె మేడం."

"అయితే ముందు నిద్రపోండి. కండ పెరిగేది బరువెత్తేటప్పుడు కాదండీ, ఎత్తి వచ్చి పడుకున్నాక. డ్యూటీ ఎలా ఉంటే కసరత్తు అలా ఉండాలి. తగ్గించండి, ఫర్వాలేదు. మానకండి, అంతే."

ఆ ఉపదేశాన్ని బావ శిరసావహించారు. వేళ నియమాన్ని వదిలి వరస నియమాన్ని పట్టుకున్నారు. ఇవాళ కాళ్ల కసరత్తు అయితే, తరువాత ఎప్పుడు సందు దొరికితే అప్పుడు వీపు, ఆ తరువాత భుజాలు. నడుమ ఎన్ని రోజులు గడిచినా వరస మారదు. బరువులు లేనిచోట ఇసుక సంచులు, నీళ్ల క్యాన్లు ఎత్తేవారు. కాన్వాయ్‌లో వెళ్తే జేబులో ఉడకబెట్టిన శనగలు. నిద్రలేని డ్యూటీ చేసి వస్తే మాత్రం ఏమీ ఎత్తకుండా పడుకోవడమే. "టైం దొరకది బామ్మర్దీ, సందు దొరుకుతది" అని తరువాతి రోజుల్లో నాకు కసరత్తు నేర్పుతూ ఎన్నిసార్లు చెప్పారో!

మధ్యలో సెలవు మీద ఎల్బీ నగర్ వచ్చారు. అక్క ఇంట్లో జాకెట్లు కుట్టేది. ఆ టేపుతోనే ఆయన తొడలు కొలిచేది.

"ఏందయ్యా, ఎడమది ఇంక బక్కగనే ఉన్నది."

"నువ్వు టేపు గట్టిగ పట్టినవ్. జర వదులు జెయ్."

"టేపు వదులు జేస్తె కాలు లావైతదా?"

నేను ఆ వేళాకోళం విని నవ్వుకునేవాణ్ని. దాని వెనుక అక్క గుండెలో ఏముందో మొన్ననే తెలిసింది. అంత్యక్రియలు ముగిశాక నా పక్కన కూర్చొని తానే చెప్పింది: "కాలు నిండితె పైకి పోతడు, నిండకుంటె కిందనే పదిలంగ ఉంటడు. కొలిసేటప్పుడల్ల జర తక్కువ జెప్పబుద్దయ్యేది తమ్మీ. ఒకనాడు ఉండవట్టక అడిగిన, గా గిడ్డంగిలనే ఉండరాదు అని. మీ బావ ఏమన్నడో ఎరుకనా? 'నేను పోకపోతె నా బదులు ఇంకొకడు పోతడు సువర్ణా. ఆనింట్ల గూడ ఒకామె ఉంటది' అన్నడు." ఆ మరునాటి నుంచి అక్క కోడిగుడ్లు, పప్పు, మేకకాళ్ల పాయ వండిపెట్టడంలో ఏ లోటూ రానివ్వలేదు. ఒక్కసారైనా కొలత తప్పు చెప్పలేదు.

బోర్డు పరీక్షలో బావ గెలిచారు. పటాలంతో కలిసి మళ్లీ మంచులోకి వెళ్లారు. సుబేదార్ హోదాకు ఎదిగి, క్షేమంగా ఇల్లు చేరారు.

పదవీ విరమణ తరువాత దిల్‌సుఖ్‌నగర్‌లో, కోచింగ్ సెంటర్ల సందులో, ఒక మేడమీద వ్యాయామశాల తెరిచారు. హయత్‌నగర్ బస్సు డిపో డ్రైవర్లు, ఆసుపత్రి నర్సులు, సెలవు మీద వచ్చిన సిపాయిలు, ఇలా కొలువుకు వేళలేని వారంతా ఆయన శిష్యులే. అక్కడ అడుగుపెట్టగానే బరువుల మాట ఉండదు. "ఇయ్యాల డ్యూటీ ఎట్లయింది?" అన్నదే మొదటి ప్రశ్న. రేణుక అనే నర్సు ఒకసారి వరసగా రెండు షిఫ్టులు చేసి వచ్చి బరువులెత్తుతానని పట్టుబట్టింది. బావ ఆమెకు మూలనున్న బల్ల చూపించి పడుకోమన్నారు.

"నేను ఈడికొచ్చింది పండుకోనీకా సార్?"

"అవ్ బిడ్డా. ఇయ్యాల నీ కసరత్తు గదే."

ఆమె లేచేదాకా ఎవరూ ఇనుము చప్పుడు చేయకుండా బావ కాపలా కాశారు.

ఆయనలో కాఠిన్యం లేకపోలేదు. కసరత్తు మధ్యలో ఫోన్ చూసేవాళ్లను మెట్ల దాకా తరిమేవారు. అదే మనిషి వినాయక నవరాత్రుల్లో బాలాపూర్ వెళ్లి, లడ్డూ ప్రసాదం రెండోసారి అడిగి తిని, "దేవుని ముంగట లెక్కలేందిరా" అని పకపకా నవ్వేవారు.

సంతాప సభకు ఒక వేళ నిర్ణయిద్దామని నేను ప్రయత్నిస్తే శిష్యులెవరికీ అది కుదరలేదు. అందుకని ఒక ఆదివారం ఉదయం నుంచి సాయంత్రం దాకా వ్యాయామశాల తలుపులు తెరిచి ఉంచాము. అక్క బావ చిత్రపటం పక్కన కూర్చుంది. డ్యూటీ దిగిన డ్రైవర్లు ఖాకీ చొక్కాలతోనే వచ్చారు. డ్యూటీ ఎక్కబోయేవారు నమస్కరించి పరుగున వెళ్లారు. ఒకరు మెట్లు దిగుతుంటే మరొకరు ఎక్కారు. పొద్దుగూకేదాకా ఆ గది ఖాళీ కాలేదు. "ఇంతమందా? నాకు ఎన్నడు చెప్పనే లేదు" అని అక్క ఆశ్చర్యపోయింది.

సాయంత్రం రేణుక వచ్చింది. పటానికి పూలు పెట్టి, నేరుగా బరువుల దగ్గరికి నడిచి కసరత్తు మొదలుపెట్టింది. నేను విస్తుపోయి చూస్తుంటే, కళ్లు తుడుచుకుంటూ, "సార్ ఉంటే నన్ను ఏడ్సుకుంట కూసోనిస్తుండెనా అన్నా?" అన్నది. ఆ వారంలో మొదటిసారిగా మా అక్క నవ్వింది. లేచి వెళ్లి ఆ అమ్మాయి వీపు నిమిరి, "రేపటి సంది తాళం నేను తీస్త. మీ వీలు జూస్కొని రాండ్రి" అన్నది.

మా బావ స్థానాన్ని భర్తీ చేయగల మనిషి మా వంశంలో గానీ, ఆ సందులో గానీ లేడు. ఆయన చేతుల్లో రూపుదిద్దుకున్న ఈ దేహంతో, నిటారుగా నిలబడి, ఆ పుణ్యమూర్తికి నా ఆఖరి సెల్యూట్ సమర్పించుకుంటున్నాను.