నిద్రపోయిన అయ్యగారు

బ్రేకమ్మ గురించి చెప్పుకునే కథ ఇది. పాస్టర్లని తయారుచేసే వేదాంత కళాశాలలో పై చదువు చదివే రోజుల్లో, ఆసుపత్రిలో చావుబతుకుల మధ్య ఉన్న ఒక ముసలాయన కోసం ప్రార్థన చేయడానికి వెళ్లిందట. "ప్రార్థన చేద్దాం" అని కళ్లు మూసుకుందట. మూసిన కళ్లు మళ్లీ తెరవలేదట. కుర్చీలోనే గుర్రు పెట్టి నిద్రపోయిందట. పాపం ఆ ముసలాయనే ఆమె మొదలుపెట్టిన ప్రార్థన ముగించి, ఆమేన్ చెప్పి, తన దుప్పటి తీసి ఆమెకి కప్పాడట. ఇంకొందరు చెప్పేదాంట్లో ఆమె ఏకంగా ఆయన మంచమే ఎక్కేసింది, ఆయన కుర్చీలోకి మారాడు. కళాశాల పాటల బృందంలో ఒకావిడైతే ఆ గుర్రుకి పక్క మంచం రోగికి బీపీ పెరిగిందని కూడా చెబుతుంది. అక్కడికి ఈవిడే మిషను పట్టుకుని పక్కన నిలబడ్డట్టు.

ఈ కథ అంత దూరం పోవడానికి ఆ కళాశాల వాళ్ల మంచితనమే కారణం. వాళ్లు ఒకరి గురించి ఒకరు చెడ్డగా మాట్లాడుకోరు, అది పాపం. ప్రార్థన అంశాలు చెప్పుకుంటారు. "ఫలానా అక్క కోసం ప్రార్థన చేయండి, పేరు చెప్పను, పరీక్షలో చూసి రాస్తూ దొరికింది, నీలం చున్నీ వేసుకుంటుంది" అంటారు. విన్నవాళ్లు కళ్లు మూసుకుంటారు. ఆ మూసిన రెప్పల వెనక నీలం చున్నీలన్నీ వరసగా తిరుగుతాయి. సాయంత్రం ప్రార్థన కూటంలో బయల్దేరిన అంశం పొద్దున టిఫిను వేళకల్లా వంటగది దాకా చేరుతుంది.

కళాశాలలో ఆమెని అందరూ బ్రేకమ్మ అనేవాళ్లు. చదువుకి రాకముందు ఆమె తన మేనమామ నడిపే డ్రైవింగ్ స్కూల్లో కారు నేర్పేది. నేర్పే కారులో పక్క సీటు కింద కూడా ఒక బ్రేకు ఉంటుంది. నేర్చుకునేవాడు గోడ మీదికి పోతుంటే పక్కనున్న మాస్టరు అది తొక్కాలి. ఏళ్ల తరబడి ఆ సీట్లో కూర్చోవడంతో ఆమె కుడికాలికి బుద్ధి వేరుగా ఏర్పడింది. ప్రసంగాల క్లాసులో ఎవరైనా ముగించాల్సిన చోట ముగించకుండా "చివరిగా ఇంకొక్క మాట" అన్నారంటే చాలు, ఆమె కాలు టక్కుమని నేల తొక్కేది. ఆ చప్పుడుకి మాటలు మరిచిపోయి కిందికి దిగిపోయినవాళ్లు కూడా ఉన్నారు. క్లాసంతా ఆమెకి లోలోపల దణ్ణం పెట్టుకునేది.

కారు నేర్పేది వేదాంతంలోకి ఎందుకొచ్చిందంటే, దానికీ కారణం ఆ సీటే. స్టీరింగు పట్టుకున్నవాళ్లు రోడ్డు వైపే చూస్తారు, పక్కవాళ్ల మొహం చూడరు. మొహం చూడకుండా ఉంటే మనిషి ఏదైనా చెప్పేస్తాడు. మొగుడు పట్టించుకోకపోవడం, పిల్లలు పుట్టకపోవడం, అన్నదమ్ముల తగాదా, అన్నీ రెండో గేరుకీ మూడో గేరుకీ మధ్య ఆమె చెవిన పడేవి. ఇదేదో పాస్టర్లు చేసే పనిలా ఉందే, చేసేదేదో చదువుకునే చేద్దాం అనుకుంది.

"దానికి చదువెందుకే? ఇక్కడే చెయ్యి. కారు కూడా ఉంది" అన్నాడు మేనమామ. అయినా పంపించాడు. పంపిస్తూ, "తెల్లవారే బ్యాచి మాత్రం నువ్వే చూడాలి. మిగతా బ్యాచిలకి కూడా నీ పక్క సీటు ఎవరికీ ఇవ్వను. ఆ చదువు ఎక్కకపోతే వచ్చి కూర్చో" అన్నాడు. ప్రేమగానే అన్నాడు. అందుకే ఆ మాట అంత గట్టిగా గుచ్చుకుంది.

ఆమెకి గ్రీకు వ్యాకరణం ఎక్కింది. కుడి నుంచి ఎడమకి చదవాల్సిన హీబ్రూ కూడా రివర్సు గేరనుకుంటే ఎక్కేసింది. ఎక్కనిది ఒక్కటే, ఊరుకోవడం. కారు నేర్పేవాళ్లు ఊరుకోకూడదు. క్లచ్ వదులు, మెల్లగా, అద్దం చూడు, అని వాగుతూనే ఉండాలి. ఆసుపత్రి పరిచర్యలో, అంటే రోగి పక్కన కూర్చుని వినే పనిలో, సరిగ్గా అదే పనికిరాదు. మొదటి టర్ములో ఒక పెద్దమనిషి ఏడుస్తూ ఏదో చెప్పబోతే ఆయన వాక్యాలన్నీ ఈమే పూర్తి చేసింది. ఏడుపు భార్య గురించి అనుకుని, చనిపోయిన భార్యని తలుచుకుని బోలెడంత ఓదార్చింది. ఆయన ఏడ్చింది కుక్క గురించి. భార్య అప్పుడే ఫ్లాస్కులో టీ పట్టుకుని లోపలికొచ్చింది.

పరిచర్య నేర్పే గురువు పేరు మౌనం సార్. రోగి దగ్గర మౌనంగా ఉండటం ఎంత ముఖ్యమో ఆయన గంట కొట్టినా ఆపకుండా చెప్పేవాడు. కుక్క సంగతి విన్నాక ఆమెని గదికి పిలిపించాడు.

"వచ్చే టర్ములో కూడా ఇలాగే అయితే నిన్ను పై ఏడాదికి పంపలేనమ్మా. పాస్టరంటే నోరు కాదు, చెవి" అన్నాడు. ఆ తర్వాత చెవి గురించి చాలాసేపు మాట్లాడాడు. ఆమె కాలు రెండుసార్లు కదిలింది గానీ బలవంతంగా ఆపుకుంది.

ఈసారి ఆమెకి పడిన రోగి రిటైరైన ఇళ్ల బ్రోకరు. పొట్ట కోసి కుట్టారు. ఆయన దగ్గరికి వెళ్లడమంటే కళాశాల మొత్తానికి దడ. అంతకుముందు ఒక క్లాసుమేటు గిటారు పట్టుకుని వెళ్లి పాట పాడాడు. బ్రోకరు చివరిదాకా విని, "బాగుంది బాబూ. పై అంతస్తులో చెవుల వార్డు ఉంది, అక్కడ పాడు. వాళ్లకి ఇబ్బంది ఉండదు" అన్నాడట. ఆ రోజు నుంచీ ఆ కుర్రాడికి గిటారు అనే పేరు ఖాయమైంది.

మొదటి రోజు వార్డు గుమ్మంలోనే నేల తుడిచే ఆవిడ ఆమెని ఆపింది.

"ప్రార్థనకేనా? పాస్టరు అయ్యగారు వెనకాల వస్తున్నారా అమ్మా?"

"నేనే అయ్యగారిని."

ఆవిడ ఆమెని కిందినుంచి పైదాకా చూసింది. "సరేలెండి అయ్యగారూ, చెప్పులు బయట విప్పండి. ఇప్పుడే తుడిచాను."

బ్రోకరు ఈ మాటలన్నీ మంచం మీదినుంచి విన్నాడు. "రండి అయ్యగారూ, రండి. మీ కంపెనీ వాళ్లదంతా పైన ఇల్లు చూపించే వ్యాపారమేగా? ఎన్ని గదులు? నీళ్లొస్తాయా?"

ఆమె నోరు తెరిచింది.

"ఆగాగు. ముందు ఇది చెప్పు, నువ్వు లోపలికెళ్లి చూశావా?"

"లేదు తాతగారూ."

"చూడని ఇల్లు అమ్మకూడదమ్మాయ్. నా సర్వీసులో ఆ పాపం నేనెప్పుడూ చెయ్యలేదు. చూసొచ్చాక రా."

ఆమె చూసి రాలేదు గానీ మళ్లీ వచ్చింది. వచ్చిన ప్రతిసారీ ఆయన ఏదో ఒకటి అని పంపించేసేవాడు. ఒక మధ్యాహ్నం లోపలికి పోబోతుంటే నర్సు పక్కకి లాగి, "కాస్త చూడండి. ఆయన నిద్రపోవడం లేదు. రాత్రీ లేదు, పగలూ లేదు, గుమ్మం వైపే చూస్తుంటాడు. సాయంత్రం కూతురొస్తే మాత్రం బ్రహ్మాండంగా పడుకున్నానని చెబుతాడు" అంది.

"మళ్లీ వచ్చావా అయ్యగారూ? ఇవాళ ఏ ఇల్లు?" అన్నాడు బ్రోకరు.

"ఇవాళ ఏ ఇల్లూ లేదు. కాళ్లు పీకుతున్నాయి, కూర్చుంటాను."

"కూర్చో. ఆ కుర్చీకి ఒక కాలు పొట్టి, చూసుకో."

కూర్చుంది. ఊరుకుంది. ఊరుకోవడం ఎంత కష్టమో ఆమె కుడికాలికే తెలుసు. ఆయన మంచం మీదినుంచి తొంగి చూశాడు.

"కాలితో ఏంటది?"

"బ్రేకు."

"దేనికి?"

"నా నోటికి."

ఆయన నవ్వబోయి పొట్ట పట్టుకున్నాడు. "నవ్వించకే, కుట్లు ఊడతాయి."

తర్వాత ఇద్దరూ ఎదురుగా ఉన్న గోడ వైపు చూస్తూ ఉండిపోయారు, కారులో ముందు సీట్లలో ఉన్నట్టు. కొంతసేపటికి ఆయన ఆ గోడతోనే చెప్పాడు.

"నిద్ర పట్టక కాదు, నేనే పోవడం లేదు. కళ్లు మూస్తే మళ్లీ తెరుస్తానో లేదో. ఇన్ని ఇళ్లు చూపించాను, లైటు వెయ్యకుండా ఒక్క ఇంట్లోనూ కాలు పెట్టలేదు."

దీనికి కళాశాలలో నేర్పిన సమాధానాలు మూడు ఆమె నోట్లోకి వచ్చేశాయి. గుర్తుండేందుకు మూడూ ఒకే అక్షరంతో మొదలవుతాయి, క్లాసులో ఆమెకి మంచి మార్కులు తెచ్చినవే. కాలు గట్టిగా తొక్కింది. మూడూ లోపలికి పోయాయి.

"ఆ ఇల్లు నేనూ చూడలేదు తాతగారూ. ఇక్కడ మాత్రం కూర్చుంటాను. కదలను" అంది.

"మా అమ్మాయికి తెలియకూడదు. తెలిస్తే ఉద్యోగం మానేసి వచ్చి ఈ పొట్టికాలు కుర్చీలో కూర్చుంటుంది. నేను ఈ మంచం దిగేదాకా ఎవరితోనూ అనకు."

"అనను."

"ప్రార్థనలో కూడా అనకు. మీ ప్రార్థనలు నాకు తెలుసు, మైకులో చేస్తారు."

"మైకులోనూ అనను."

ఆయన చెయ్యి చాచి, ఆమె ఒళ్లో ఉన్న సంచి పట్టీని పిడికిట బిగించుకున్నాడు. పైన ఫ్యాను తిరుగుతోంది. ఆ రోజు తెల్లవారే బ్యాచిలో, చెట్టుని చూసి అదే తప్పుకుంటుందని ఎదురుచూసే ఘనుడొకడు దొరికి ఆమెకి ప్రాణం తోడేశాడు. పైగా ముందురోజంతా గ్రీకు పరీక్ష.

కళాశాల వ్యాను బయల్దేరే వేళకి ఆమెని పిలవడానికి గిటారు వచ్చాడు. మంచం చుట్టూ పచ్చ తెర సగం లాగి ఉంది. గుమ్మంలోంచి అతనికి కనబడింది కుర్చీ మాత్రమే. అందులో బ్రేకమ్మ మెడ పక్కకి వాల్చి, నోరు తెరుచుకుని, గుర్రు పెడుతోంది. లేపలేదు. మునివేళ్ల మీద వెనక్కి నడిచాడు. అంత భక్తిగా అతను చర్చిలో కూడా నడిచి ఉండడు.

ఆ సాయంత్రం ప్రార్థన కూటంలో లేచి నిలబడి, "మన అక్క ఒకరు పరిచర్యలో బాగా అలిసిపోతున్నారు, పేరు చెప్పను" అన్నాడు. "ఇదివరకు కారు నేర్పేవారు" అని కూడా అన్నాడు.

ఆ వారం క్లాసులో ఆమె వంతు వచ్చింది. వాళ్ల పద్ధతి ఏంటంటే, రోగిని చూసి వచ్చాక జరిగిన సంభాషణ అంతా గుర్తున్నంతవరకూ మాటకు మాట రాయాలి. దాన్ని క్లాసులో ఒకరు రోగిగా, ఒకరు విద్యార్థిగా నాటకంలా చదువుతారు. మిగతావాళ్లు ఏకిపారేస్తారు. ఆమె రాసింది అరపేజీ కూడా లేదు. ఆమె పాత్ర గిటారుకి పడింది.

"కాళ్లు పీకుతున్నాయి, కూర్చుంటాను" అని చదివాడు గిటారు. ఆ కింద, 'ఇక్కడ ఆయన చెప్పింది రాయను' అని ఉంది. దాని కింద, 'తర్వాత నేను నిద్రపోయాను.' గిటారు గుర్రు పెట్టాడు. రాగం తీసి మరీ పెట్టాడు. క్లాసు బల్లలు కొట్టి నవ్వింది.

మౌనం సార్ నవ్వలేదు. "మధ్యలో ఆయనేం చెప్పాడు?"

"చెప్పకూడదు సార్."

"ఈ గదిలో మాట ఈ గది దాటదమ్మా."

ఆమె ఒకసారి చుట్టూ చూసింది. సాయంత్రానికి అంశం లేనివాళ్లందరూ కుర్చీల్లో ముందుకి వంగి ఉన్నారు. "అవును సార్. ఈ వారమే చూశాను" అంది.

"చెప్పకపోతే నేను నిన్ను పాస్ చెయ్యలేను. నువ్వు అక్కడ చేసిన పని నిద్రపోవడం ఒక్కటే అవుతుంది."

"తెలుసు సార్."

"పోనీ ఇది చెప్పు. నువ్వు నిద్రపోతుంటే ఆయనేం చేస్తున్నాడు?"

ఒక్క మాట చాలు, గట్టెక్కిపోతుంది. ఆమె కాలు నేలని తొక్కిపట్టింది. "ఆయన్నే అడగండి సార్."

మౌనం సార్ ఏమీ అనలేదు. ఆయన మౌనంగా ఉండటం ఆ గది అంతకుముందు ఎరగదు.

ఆమె హాస్టలుకి పోయి మేనమామకి ఫోను చేసింది. "పగటి బ్యాచిల సీటు ఖాళీగానే ఉందా మావయ్యా?"

"దులిపి పెట్టనా?" అన్నాడాయన, కొంచెం ఆశగా.

"రేపు చెబుతాను."

మర్నాడు మౌనం సార్ నిజంగానే ఆసుపత్రికి వెళ్లాడు. గుమ్మంలో నేల తుడిచే ఆవిడ ఆయన చేత కూడా చెప్పులు విప్పించింది. బ్రోకరు ఆయన చెప్పిందంతా విన్నాడు.

"అయితే ఆ అమ్మాయి ఏమీ చెప్పలేదా?"

"చెప్పలేదండి. చెప్పకపోతే ఫెయిలవుతావన్నా చెప్పలేదు."

"అయితే నేనూ చెప్పను. పాస్ చేసి పంపించండి. ఇంకోటి, రేపటి నుంచి కూడా ఆ నిద్రపోయే అయ్యగారినే పంపండి. గిటారు వద్దు."

సార్ ఇంకా ఏదో వివరించబోయాడు. బ్రోకరు పై అంతస్తు వైపు వేలు చూపించాడు. సార్ లేచి వచ్చేశాడు, వచ్చి ఆమెని పాస్ చేశాడు. టర్మంతా నోరు మూసుకోమని చెప్పింది తనే కాబట్టి, మూసుకున్నందుకు ఫెయిల్ చెయ్యడానికి ఆయనకి దారి కనబడలేదు.

మేనమామ ఆ సీటు వేరే మనిషికిచ్చాడు. ఇచ్చిన రోజు ఆమె కంటే ఆయనే ఎక్కువ బాధపడ్డాడు.

ఇప్పుడామె టైర్ల కొట్టు పైన ఉన్న ఒక చిన్న సంఘానికి పాస్టరు. ప్రసంగం పొట్టిగా ఉంటుంది. సాగుతున్నట్టనిపిస్తే బల్ల కింద టక్కుమంటుంది, ఆమేన్ వచ్చేస్తుంది. ఆఖరి వరసలో గోడవార కుర్చీ బ్రోకరుది. మొదటి పాటకి కూర్చుంటాడు, రెండో పాటకి గుర్రు మొదలవుతుంది. కొత్తగా చేరినవాళ్లు ఫిర్యాదు చేస్తే, "ఆయన వచ్చేదే అందుకు" అంటుంది ఆమె.

మంచం దిగిన రోజునే ఆయన జరిగింది జరిగినట్టు అందరికీ చెప్పాడు, ముందు కూతురికి, తర్వాత గిటారుకి, పాటల బృందం ఆవిడకి కూడా. విన్నారు, ఊరుకున్నారు. ప్రార్థన అంశంగా పనికొచ్చేది అందులో ఏమీ లేకపోయింది.

ఆ మధ్యాహ్నం ఆమె కంటే ముందు నిద్రపోయింది బ్రోకరు. సంచి పట్టీ ఆయన పిడికిట్లోనే ఉంది. లాగితే మేలుకుంటాడని ఆమె కుర్చీలోంచి లేవలేదు.