తలకిందుల ఖాయం

కోరుట్లలో నా ఈడు వాళ్ళంతా గల్ఫ్ వీసాల కోసం ఎదురుచూస్తున్న ఆ రోజుల్లో, నేనొక్కణ్ణే జీతం లేకుండా ప్రపంచాన్ని ఉద్ధరించే పనిలో ఉండేవాణ్ణి. జగిత్యాలలో డిగ్రీ అయిపోయింది, ఉద్యోగం రాలేదు. ఏ కంపెనీ సొత్తూ కాని ఫోను సాఫ్ట్‌వేర్‌ను తలా ఒక చెయ్యి వేసి తయారుచేసే ఓపెన్ సోర్స్ గుంపు ఒకటి ఆన్‌లైన్‌లో దొరికింది. ఏయే దేశాల వాళ్ళో, ఎవరి మొహం ఎవరూ చూడలేదు. ఇన్నాళ్ళూ ఇది డెవలపర్ల చేతుల్లోనే తిరిగింది, ఇక మామూలు మనుషుల చేతుల్లోకి పోవాలి, మీ ఇళ్ళల్లో వాళ్ళకు ఇవ్వండి అని గుంపు పెద్ద ఒకరోజు సందేశం పెట్టాడు. నాకు ఒళ్ళు పులకరించింది. మామూలు మనిషి కోసం కోరుట్లంతా వెతికి, చివరికి బస్సెక్కి ఇబ్రహీంపట్నంలో మా పెద్దమ్మ దగ్గరికి పోయాను. (మా అమ్మ అప్పటికే తన ఫోనును నాకు దొరక్కుండా బియ్యం డబ్బాలో దాచేసింది.)

పెద్దమ్మ పసుపు కొమ్ములు ఏరుకుంటూనే నా ఉపన్యాసం ఓపికగా విన్నది. దీని లోపల ఏముందో ఎవరైనా చూడొచ్చు, ఎవరైనా బాగు చెయ్యొచ్చు, ఇది ఎవరి సొత్తూ కాదు, అందరిదీ అని చెప్పుకుపోతున్నాను. ఆమె చేతిలోని కొమ్ము పక్కన పెట్టి ఒకే ఒక్క మాట అడిగింది.

"ఎవలదీ కాని ఫోను ఖరాబైతే ఎవల్నడగాలె కొడుకా?"

నన్నడుగు పెద్దమ్మా అన్నాను, ఛాతీ విరుచుకుని. ఆమె ఫోనులో దాన్ని అప్పుడే ఎక్కించాను. నిజం చెప్పాలంటే ఫోను బాగానే నడిచింది. మూలన పడెయ్యాల్సిన పాత ఫోను చురుగ్గా కదిలేసరికి పెద్దమ్మ వాడకట్టంతా నా పేరు చెప్పింది. మస్కట్‌లో పనిచేసే పెద్దబాపు, అంటే పెద్దమ్మ భర్త, ప్రతి శుక్రవారం అందులోనే కనిపించి మాట్లాడేవాడు. మామూలు మనుషుల్ని జయించేశాననుకున్నాను.

అంతలో అక్కకు, అంటే పెద్దమ్మ కూతురికి, సిరిసిల్ల నుంచి సంబంధం వచ్చింది. అక్క అప్పుడు జగిత్యాలలో బీఈడీ చదువుతోంది. అబ్బాయి ఆమెకు నచ్చాడు. మిగిలింది పెద్దబాపు మాట. మా గల్ఫ్ ఇళ్ళల్లో ఒక పద్ధతి ఉంది: తండ్రి ఊళ్ళో లేకపోయినా పర్వాలేదు గానీ, ఫోనులో పిల్లవాణ్ణి కళ్ళారా చూసి, నోరారా 'ఖాయం' అనాలి. అప్పటిదాకా మగపెళ్ళివారు తెచ్చిన పూలూ పండ్లూ జీపు దిగవు. మగపెళ్ళివారు వచ్చే రోజు రానే వచ్చింది. ఇంతటి శుభదినాన పాత వర్షన్ ఏం బాగుంటుందని, ఆ పొద్దున్నే గుంపు వాళ్ళు విడుదల చేసిన తాజా వర్షన్ ఎక్కించాను. (బాగా నడుస్తున్నదాన్ని ఇంకా బాగు చెయ్యకుండా ఉండలేకపోవడం మా జాతి లక్షణం.) రింగు మోగిందా, మాట వినబడిందా, టార్చి వెలిగిందా, అన్నీ చూశాను. కెమెరా ఒక్కటే చూడలేదు.

పెద్దబాపు మధ్యాహ్నం భోజనం గంటలో, క్యాంపు గదిలోంచి ఫోను చేశాడు. ఆయన మొహం మాకు నిక్షేపంగా కనబడింది. ఆయన మాత్రం కళ్ళు నులుముకున్నాడు.

"అందరు తలకిందులున్నరేందే? ఎండల పనిచేసి నాకేమన్న అయిందా?"

అందరూ నావైపు చూశారు. ఫోనును తిప్పి పట్టుకున్నాను, బొమ్మ కూడా దానితోపాటే తిరిగి మళ్ళీ తలకిందులే అయింది. ఆయన తన ఫోను తిప్పినా అదే తంతు. నా ఫోనులోనూ ఎక్కించింది ఆ తాజా వర్షనే. మగపెళ్ళివారి ఫోనుల్లో మస్కట్‌కు పనిచేసే యాప్ లేదు. పక్కింటి ఫోను తెద్దామంటే, కాల్ కట్ చేస్తే మళ్ళీ కలుస్తుందో లేదో, కలిసేలోగా ఆయన డ్యూటీ మొదలవుతుందో ఏమో. తలుపు వెనకనుంచి అక్క నావైపు చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేదు. శుభమా అని కూర్చుంటే ఈ తలకిందుల వ్యవహారం ఏమిటని మగపెళ్ళివారిలో ఒక ముసలామె గొణుగుతోంది. నాకు నిజంగా ఏడుపొచ్చింది.

ఇంతలో తెర మీద పెద్దబాపు మాయమయ్యాడు. ఇనుప మంచం కిర్రుమంది. మరుక్షణం, రెండంతస్తుల మంచం పైదాని అంచు నుంచి ఆయన బట్టతల కిందికి వేలాడుతూ ప్రత్యక్షమైంది. ఫోను పక్క మంచం మనిషి పట్టుకున్నాడు. మా బొమ్మ తిరగనంటే, ఆయనే తిరిగాడన్నమాట. ఇప్పుడు మేమంతా ఆయనకు నిటారుగా కనబడుతున్నాం. మీసాలు కళ్ళకు పైన, నెత్తురంతా మొహంలోకి దిగి ఎర్రగా, ఆయన పిల్లవాణ్ణి ఒక్కటే అడిగాడు.

"మా బిడ్డ సదువు ఆపవు గద బాబూ?"

పిల్లవాడు పెద్దాయన మొహం సరిగ్గా చూడాలని మెడను వీలైనంత వంచి, "ఆపను మామా, నేనే తోలుకపోయి కాలేజీల దింపుత" అన్నాడు. ఖాయం కాకముందే మామా అన్నందుకు ఆడవాళ్ళలో నవ్వులు మొదలయ్యాయి. అబ్బాయి తండ్రి మాత్రం నవ్వలేదు. ఆయన సిరిసిల్లలో బట్ట నేసే సాంచెలు, అంటే మరమగ్గాలు, పెట్టుకోకముందు గల్ఫ్‌లో చాలాకాలం కూలి చేసినవాడు. ఫోను తన చేతిలోకి తీసుకుని, ఆ మంచాన్నే తేరిపార చూశాడు.

"ఇగ దిగు బావా. గా పై మంచం మీద నేను గూడ పండుకున్నోన్నే. బిడ్డ కోసం గిట్ల ఏలాడినంక ఇంకేం సూడాలె? మా దిక్కు ఖాయం."

"మా దిక్కు గూడ ఖాయం బావా" అని పెద్దబాపు కిందికి దిగాడు. పూలూ పండ్లూ జీపు దిగాయి. నేను పెరట్లోకి పోయి, చేదబావి గట్టు మీద కూలబడ్డాను. కెమెరా తలకిందులుగా చూపిస్తోందని గుంపుకు రాస్తే, మామూలు మనుషులకు ఇబ్బందేమైనా అయిందా అని అడిగారు. పెళ్ళి ఖాయమైంది అని జవాబిచ్చాను. ఆ వర్షన్‌ను వెంటనే సరిచేశారు.

అక్క ఇప్పుడు సిరిసిల్లలో బడిపంతులమ్మ. పెద్దబాపు ఇంకా మస్కట్‌లోనే ఉన్నాడు. ఆయన ఫోను వచ్చిందంటే అక్క చిన్నకూతురు పరుగెత్తుకెళ్ళి, మంచం అంచు నుంచి తల కిందికి వేలాడేస్తుంది. ఈ కథ విని విని, తాతతో అలాగే మాట్లాడాలని దాని నమ్మకం, చెప్పినా వినదు. నేను మాత్రం ఏ ఫోను చేతికొచ్చినా ముందు కెమెరా తెరిచి నా మొహమే చూసుకుంటాను. నిటారుగానే ఉంటుంది. ప్రపంచాన్ని ఉద్ధరిద్దామని బస్సెక్కిన ఆ కుర్రాడు మాత్రం అందులో ఎక్కడా కనబడడు.