ఆముదం పూసిన మడమ

నంద్యాల బస్టాండు వెనక ఉన్న ల్యాబులో శ్రీవాణి పదమూడేళ్లుగా పనిచేస్తోంది. అప్పుడే పుట్టిన బిడ్డల మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలు అట్టల మీద ఎండి, కవర్లలో ఆమె దగ్గరికి వస్తాయి. వాటిలో కొవ్వును మోసే ప్రోటీన్ ఎంతుందో కొలవాలి. అది పుట్టుకతోనే మరీ ఎక్కువుంటే చిన్న వయసులోనే గుండెకు ముప్పు. బిడ్డలకింకా పేర్లుండవు కనుక అట్ట మీద తల్లి పేరే రాస్తారు. ఇన్నేళ్లలో ఒక్క బిడ్డనూ ఆమె చూడలేదు. తనకు పిల్లల్లేరు, భర్త లేడు. మధ్యాహ్నం మిషను పక్కనే గిన్నె విప్పుకుంటుంది. ఎదుటి కుర్చీలో అట్టపెట్టెలుంటాయి.

ఆళ్లగడ్డ నుంచి వచ్చిన ‘సుప్రజ బిడ్డ’ అట్ట మీద చుక్క సరిగా ఇంకలేదు. చుట్టూ జిడ్డు. అంకె మామూలుకు రెండింతలు వచ్చింది.

“నూనె అంటినట్టుంది. మళ్లీ తీయించు” అన్నాడు డాక్టరు. అక్కడి నర్సు సెలవులో ఉంది. శ్రీవాణే బస్సెక్కింది.

తలుపు తీసింది బిడ్డ అమ్మమ్మ నరసమ్మ. వెనక గోడ మీద ఆమె భర్త ఫోటో, పడుచువాడు, దండ వేసి ఉంది.

“కాళ్లకు ఆముదం పూసినా మేడం. పూయకుంటే గట్టిపడవు.”

“సూది పొడిచే రోజు కూడానా?”

“ఆ పొద్దు ఇంగా ఎక్కువే పూసినా. నొప్పి తెలీకూడదని.”

మంచం మీది సుప్రజ నవ్వింది. “నాకూ పూస్తాంది మేడం. దోసె పెనం మాదిరి అయిపోయినా.”

శ్రీవాణి మడమను సబ్బునీళ్లతో మూడుసార్లు కడిగింది. ఈసారి చుక్కలు గుండ్రంగా ఇంకాయి. పని అయ్యాక కూడా బిడ్డను ఒళ్లోంచి దించలేదు. నరసమ్మే చేతులు చాపి తీసుకుంది.

నాలుగో రోజు అంకె వచ్చింది. అదే రెండింతలు. ఇంకోసారి కొలిచినా మారలేదు. డాక్టరుకు చెప్పి వచ్చేసరికి ఫోను మోగుతోంది.

“నా ఆముదమే కదా మేడం?” నరసమ్మ. “అల్లుడు నన్నే తిడతాండాడు. తిట్టనీలే.”

“ఆముదం కాదమ్మా. మీ ఆయన ఎట్ల పోయినాడు?”



“సేన్లోనే, గుండె పట్టుకోని కూసున్నాడు. ముప్పై నాలుగేండ్లు. సుప్రజ సంకలో ఉండె.”

“సుప్రజను ఈడికి పిలుచుకొని రా. ఈ కొవ్వు జబ్బు వంశంలో వస్తాది. ఆమె రక్తమూ చూడల్ల. ముందే తెలిస్తే మందులుండాయి. డాక్టరు చెప్తాడు.”

“ఆముదమైతే బాగుండు” అంది నరసమ్మ.

శ్రీవాణి కొత్త అట్ట మీద సుప్రజ పేరు రాసింది. తరవాత ఎదుటి కుర్చీలోని పెట్టెలు కిందికి దించి, తడిగుడ్డతో దాన్ని తుడిచింది.