టైపు మేడమ్ శుక్రవారాలు

నిజం చెప్పాలంటే ఇది రాయకుండానే ఊరుకుందామనుకున్నాను. పోయిన మనిషి, పక్కవాళ్ళు టైపు కొట్టిన కాగితాల్లో తప్పులు వెతికి ఎర్ర సిరాతో సున్నాలు చుట్టి బతికిన మనిషి. ఆమె గురించి, నాలుగో తరగతితోనే బడికి దండం పెట్టిన నేను రాయడమేమిటి? ఇప్పుడీ కాగితం ఆమె చేతికి పోతే ఎన్ని సున్నాలు పడేవో. కానీ ఆ వాడలో అప్పటి వాళ్ళం ఎక్కువమందిమి మిగల్లేదు. నేను చెప్పకపోతే ఈ సంగతి చెప్పేందుకు ఇంకొక్కరే ఉన్నారు. ఆమె చెప్పదు.

పోయిన నెల సిద్దిపేట కూరగాయల మార్కెట్లో వంకాయలు ఏరుకుంటుంటే వెనక నుంచి ఎవరో అన్నారు, "టైపు మేడమ్ పోయిందట గదా." నిద్రలోనే పోయిందట. వంకాయలు తూకానికి వేయకుండానే వచ్చేశాను.

నాది రేడియోలు బాగుచేసే కొట్టు, ఆమెది టైపు ఇన్‌స్టిట్యూట్. మధ్య ఒకటే గోడ. పొద్దున లేస్తే ఆ గోడ అవతల టపటపలు మొదలయ్యేవి. ఇరవై ఏళ్ళు ఆ చప్పుడులో పనిచేసి, సెలవు రోజుల్లో చెవులు ఖాళీగా ఉన్నట్టనిపించి తోచేది కాదు నాకు. ఆమె పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగే ధైర్యం వాడలో ఎవరికీ లేకపోయింది. నన్ను "రేడియో అన్నా" అనేది. పిల్లలకు నేర్పుతూ ఒక మాట రోజూ అనేది, "తప్పు కొడితే రబ్బరు పెట్టకు. తుడిస్తే కాయితం చిరుగుతది. కొత్తది పెట్టుకో." కాగితాలమ్మే షావుకారు ఆ మాట విని ఆమెకు దండం పెట్టాలి.

వాడలో ఫోను కూడా ఆమెదే. మాది నేతవాళ్ళ వాడ. మగ్గాలు సాగక మగవాళ్ళు కొందరు భీవండికి, కొందరు గల్ఫ్‌కు పోయారు. పోయిన ప్రతివాడి జేబులో మేడమ్ నంబరు ఉండేది, పక్కన పి.పి. అని. పక్కింటి ఫోను అన్నమాట. గల్ఫ్‌లో సెలవు శుక్రవారం గనుక ఆ రోజు మధ్యాహ్నం నుంచీ ఫోను మోగుతూనే ఉండేది. మేడమ్ గుమ్మంలోకి వచ్చి పేరు పెట్టి ఒక కేక వేసేది. ఆ కేక నోటినుంచి నోటికి పాకి సందు చివరి మగ్గం దాకా పోయేది. చెంగు సర్దుకుంటూ ఆడవాళ్ళు ఉరికొచ్చేవారు.

తొంభైల చివర్లో టైపు నేర్చుకునే పిల్లలు తగ్గిపోయారు. అందరూ కంప్యూటర్ అంటున్నారని మేడమ్ సికింద్రాబాద్ వెళ్ళి ఒకటి తెచ్చింది. గల్ఫ్ కాగితాలన్నీ అప్పుడు ఫ్యాక్సుల మీదే నడిచేవి. అసలు ఫ్యాక్స్ మిషన్ కొనే తాహతు లేదు. కంప్యూటర్ పత్రికతో పాటు ఊరికే వచ్చిన సీడీలో లైనక్స్ అనేదొకటి ఉంది. దాన్ని వేసుకుంటే కంప్యూటరే ఫ్యాక్స్ పంపుతుంది, అందుకుంటుంది అని అందులోనే ఉన్న ఒక పాఠం చెప్పింది. చెప్పినవాడు మనిషి కాదు గనుక అనుమానమొస్తే అడగడానికి లేదు. ఆ పాఠం ఆమె పేజీ పేజీ అచ్చు తీసి, వ్రతకథ చదివినట్టు నాకు చదివి వినిపించేది. ఇంగ్లీషు ఆమెది, వైర్లు నావి. నేనూ రేడియోల వెంట వచ్చే పుస్తకాలు చూసే పని నేర్చుకున్నవాణ్ణి కాబట్టి, అర్థం కాని చోట ఇద్దరం ఒకేలా తల గోక్కునేవాళ్ళం.

ముందు కంప్యూటర్ లోపల గుచ్చే కార్డు మోడెం తెచ్చాం, ఫోను తీగను కంప్యూటర్‌కు కలిపేది. అమ్మినవాడు బంగారంలా పనిచేస్తుందన్నాడు. బంగారంలాగే ఉంది, ఉలుకూ పలుకూ లేకుండా. అలాంటి కార్డును లైనక్స్ గుర్తుపట్టదని పాఠంలోనే చివర ఎక్కడో రాసి ఉందని తర్వాత కనబడింది. అది మార్చి బయట పెట్టుకునే డబ్బా తెచ్చాం, ముందర వరసగా ఎర్ర దీపాలున్నది. వెనక ఏ పోర్టుకు తగిలించామో కంప్యూటర్‌కు చెప్పాలి. మా నంబరు చెప్పాలి. ఫోను మోగితే ఎన్నో గంటకు ఎత్తాలో చెప్పాలి. ఒక్క చుక్క తప్పు పడినా నోరెత్తదు. మేడమ్‌కు అదే నచ్చింది. "ఇది నా అసొంటిదే అన్నా, తప్పుంటె ఒప్పుకోదు," అన్నది.

మొదటి ఫ్యాక్స్ హుస్నాబాద్‌లో నాకు తెలిసిన పత్తి వ్యాపారి పంపాడు. దీపాలు ఒకటే మినుకుమినుకు. కాసేపటికి తెర మీద పేజీ వచ్చింది. ఎత్తు సగానికి సగం అణిగిపోయి, అక్షరాలన్నీ పీట వేసుకుని కూర్చున్నట్టున్నాయి. నేను మొహం వేలాడేశాను. ఆమె మాత్రం, "పొట్టిగైతేంది, వచ్చింది గదా," అన్నది. తర్వాత ఏదో మార్చి దాన్ని నిలబెట్టింది కూడా.

ఒక్కటే చిక్కు. వాడ ఫోనూ ఫ్యాక్సూ ఒకే తీగ మీద. రెండో లైనుకు దరఖాస్తు పెట్టింది గానీ అది ఎప్పుడొస్తుందో దేవుడికే తెలియాలి. అందుకని ఆమె దుకాణంలో ఉన్నప్పుడు తానే ఎత్తేది. అవతల ఈలలాంటి కూత వినిపిస్తే రిసీవర్ పక్కన పెట్టి కంప్యూటర్‌కు అప్పగించేది. బయటికి పోయేటప్పుడు మాత్రం మొదటి గంటకే దాన్నే ఎత్తమని చెప్పి పోయేది. అప్పుడు మనిషి ఫోను చేసినా దాని కూతే వినిపిస్తుంది.

ఏటా టైపు పరీక్షల ముందు పిల్లల హాల్ టికెట్లన్నీ తీసుకుని వర్గల్ సరస్వతి గుడికి పోయి అమ్మవారి పాదాల దగ్గర పెట్టించి తేవడం ఆమెకు అలవాటు. ఆ ఏడు శుక్రవారం పోయింది. మధ్యాహ్నానికి తిరిగొస్తాననే అనుకుంది. పత్తి వ్యాపారి కాగితం రావలసి ఉందని ఫోను కంప్యూటర్‌కు అప్పగించింది. బస్సు దారిలో ఆగిపోయింది. వచ్చేసరికి దీపాలు పెట్టే వేళ. నేనా రోజు ఊళ్ళో లేను, పెళ్ళికి పోయాను.

ఆ తర్వాత వారంలో ఒక రోజు ఆమె నా కొట్టు ముందుకు వచ్చి నిలబడింది. చేతిలో అచ్చు తీసిన పేజీ ఉంది. గల్ఫ్ కంపెనీ పంపింది. సందు చివరి ఇంటి రాజవ్వ పెనిమిటి, పనిచేస్తున్న కట్టడం మీద నుంచి పడి చనిపోయాడు.

"నాతోటి రా అన్నా," అన్నది. ఆ రోజు కేక వేయలేదు. సందు చివరి దాకా నడిచాం. రాజవ్వ వాకిట్లో కూర్చుని రాట్నం మీద కండెలు చుడుతోంది. మమ్మల్ని చూసి చేయి ఆపింది.

"ఫోనైతె పిలుస్తుంటివి గద మేడమ్. నడిచొచ్చినవేంది?"

మేడమ్ చెప్పవలసిన అవసరమే రాలేదు.

శవం తెప్పించడానికి చాలా రోజులు పట్టింది. రాజవ్వ మాటను మేడమ్ ఇంగ్లీషులో కొట్టి కంపెనీకి ఫ్యాక్సు పంపేది. లైను దొరక్కపోతే దొరికేదాకా ఆ డబ్బా తనంతట తానే నంబరు తిప్పేది, ఆమె ఎదురుగా కూర్చునేది. రాజవ్వ వేలిముద్ర వేసిన కాగితాన్ని ఉన్నదున్నట్టు పంపే వసతి మాత్రం మా కంప్యూటర్‌కు లేదు. దానికి బస్టాండు దగ్గరి దుకాణానికి పోయాం.

శవపెట్టెతో పాటు, గల్ఫ్‌లో అతని గదిలో ఉండే మనిషొకడు వచ్చాడు. దినాలు కాకముందే తిరిగి పోవాలని, పోయేముందు రాజవ్వను వెంటబెట్టుకుని మేడమ్‌కు దండం పెట్టిపోదామని ఇన్‌స్టిట్యూట్‌కు వచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను. మాటల్లో అతనే అన్నాడు.

"చచ్చిపోయే ముంగటి శుక్రవారం ఫోను జేసిండమ్మ ఇంటికి. రెండు మూడు సార్లు జేసిండు. ఎత్తుడెత్తుడే ఈల గొట్టినట్టు ఒకటే కూత. లైను ఖరాబున్నది, వచ్చే శుక్రారం జేస్త తియ్ అన్నడు."

రాజవ్వ మెల్లగా, "ఆ దినం నేను పొద్దుగూకెదాక గడపల్నే గూసున్న," అన్నది.

ఆ కూత ఏమిటో గదిలో ఇద్దరికే తెలుసు. నేను మేడమ్ వైపు చూడలేదు.

వాళ్ళు పోయాక నాకు తోచింది నేను చెప్పాను. "ఆమెకు తెల్వది. తెల్వకుంటెనే మంచిది. చెప్పి ఏం జేస్తవు మేడమ్? పోయినోడు రాడు." అప్పటికి అది మంచి సలహా అనే నా నమ్మకం. మేడమ్ చాలాసేపు కీబోర్డు మీద గుడ్డ కప్పి, తీసి, కప్పి, "తుడిస్తే చిరుగుతదన్నా," అన్నది.

దినాలయ్యాక నన్ను తోడు రమ్మని మళ్ళీ సందు చివరికి పోయింది. రాజవ్వ కండెలు చుడుతూనే ఉంది. మేడమ్ కింద కూర్చుంది.

"రాజవ్వా, ఆ కూత లైనుది గాదు. నా మిషిన్ది. నేను వర్గల్ పోతపోత ఫోను దానికి అప్పజెప్పిపోయిన. నీ పెనిమిటి ఫోను అదెత్తింది."

రాట్నం ఆగలేదు. ఒక కండె నిండింది, తీసి పక్కన పెట్టింది, ఇంకోటి ఎక్కించింది. అప్పుడు మాట్లాడింది.

"ఏం మాట్లాడుతుండె ఆయన? మంచిగున్నరా అంటుండె. పిల్ల తిన్నదా అంటుండె. ఇగ పెడుత అంటుండె. గంతే." తెగిన పోగు ముడివేసి, "గదన్న ఇనేదాన్ని మేడమ్," అన్నది.

కథల్లోనైతే ఇక్కడ ఇద్దరూ వాటేసుకుని ఏడుస్తారు. మా వాడలో అలా జరగలేదు. రాజవ్వ ఆమెతో మాట మానేసింది. ఎదురుపడితే ముఖం తిప్పుకుని పోయేది. మేడమ్ దుకాణంలో ఆ రోజు నుంచీ కంప్యూటర్ తనంతట తాను ఫోనెత్తలేదు. మోగిన ప్రతిసారీ ఆమే ఎత్తింది. అవతల కూత వినిపిస్తున్నా, మనిషెవరైనా ఉన్నారేమోనని "హలో, హలో" అని పిలిచి చూసేది. అంతసేపు ఆగలేక కొన్ని ఫ్యాక్సులు తెగిపోయేవి. పత్తి వ్యాపారి విసుక్కుని వేరే దుకాణం చూసుకున్నాడు. శుక్రవారం ఆమె గడప దాటడం మానేసింది. మరుసటేడు హాల్ టికెట్లు వర్గల్ తీసుకుపొమ్మని నాకే ఇచ్చింది. చదువులేనివాణ్ణి సరస్వతి దగ్గరికి పంపిన టైపు ఇన్‌స్టిట్యూట్ అదొక్కటే అయి ఉంటుంది.

ఆ పై ఏడు పరీక్షల ముందు ఒక శుక్రవారం రాజవ్వ వచ్చింది. గుమ్మంలో చెప్పులు విడిచి, ఎవరూ రమ్మనకుండానే వచ్చి ఫోను పక్కన ముక్కాలిపీట మీద కూర్చుంది.

"నువ్వు గుడికి పోయేదుంటె పో. నేనుంట," అన్నది. మేడమ్ కదలకపోతే, "కూతబెడితె ఏది ఒత్తాలెనో చూపెట్టు," అన్నది.

మేడమ్ ఆ పొద్దంతా కూర్చుని, ఫ్యాక్సు అందుకోమని కంప్యూటర్‌కు కొట్టే బారెడు కమాండును ఒక్క అక్షరం కింద దాచింది. ఆ మీట మీద ఎర్ర బొట్టు అంటించింది. అక్షరం రాని రాజవ్వ అవతల కూత విని ఆ బొట్టు నొక్కేది, దీపాలు వెలిగాక రిసీవర్ పెట్టేసేది. మనిషి పలికితే గుమ్మంలోకి వచ్చి ఆమే కేక వేసేది. రాజవ్వ గొంతు మేడమ్ కంటే పెద్దది. పై శుక్రవారం మేడమ్ నిశ్చింతగా గుడికి పోయి వచ్చింది. తర్వాత ఎన్నో శుక్రవారాలు వాళ్ళిద్దరూ ఆ ఫోనుకు అటూ ఇటూ కూర్చున్నారు. పెద్దగా మాట్లాడుకునేవారు కాదు. ఒకామె పిల్లల కాగితాలు దిద్దేది, ఒకామె కండెలు చుట్టేది. రెండో లైను వచ్చాక కూడా మానలేదు. సెల్ ఫోన్లు వచ్చి, వాడలో ఎవరి ఫోను వారి చేతిలోకి వచ్చేదాకా అలాగే సాగింది.

నేను బతుకులో ఎంతోమందికి, చెప్పకుంటేనే మంచిదని సలహా ఇచ్చాను. ఆ సలహా కాదని నా ముందర చెప్పి చూపించిన మనిషి ఆమె ఒక్కతే. అందుకు ఆమెకు రుణపడి ఉన్నాను.

ఆమె పోయిన సంగతి తెలిసిన రోజు మార్కెట్ నుంచి నేరుగా, చివరి రోజుల్లో ఆమె ఉంటున్న చెల్లెలింటికి పోయాను. శవాన్ని వాకిట్లో పడుకోబెట్టారు. రాజవ్వ నాకంటే ముందే వచ్చి కాళ్ళ దగ్గర కూర్చుని ఉంది. హైదరాబాద్ నుంచి వచ్చిన చుట్టమొకాయన రాజవ్వను "నువ్వేమైతవమ్మా?" అని అడిగాడు.

"వాడకట్టుదాన్ని," అన్నది.

చావింట్లో పొయ్యి వెలిగించరు గనుక ఆమె పక్కింట్లో చాయ్ కాచుకొచ్చి, కూర్చున్న అందరికీ పోసింది. నాకు చక్కెర వద్దని చెప్పాను. సరే అని తీపి చాయే ఇచ్చింది. తాగి, గ్లాసు కడిగి ఇచ్చాను.