మా ఆయన కారుకు హెడ్‌రెస్టు ఎవలు కనిపెట్టిన్రు?

హలో... ఫోన్ల నా మాట పడుతున్నదా ఇది? ఎర్రగ ఎలుగుతున్నది, పడుతున్నట్టే ఉన్నది. మన సూర్యాపేట కార్ల అడ్డ మీదోళ్లందరు ఇనుండ్రి, నేను సైదమ్మను, లింగయ్య భార్యను. నిన్న నేను జేసిన పని ఇంటే మీరు నోరు తెరుస్తరు. మా ఆయన మూడో నెల మాసికం. ఫోటోకు దండేసి, ముంగట ఇస్తారేసి, చుట్టాలందరు మొఖాలు ఏలాడేసుకోని కూసున్నరు. గప్పుడు నేను పకపక నవ్విన! కొంగు నోట్ల కుక్కుకున్న, అయినా ఆగలే. మా ఆడిబిడ్డ అయితే "అయ్యో, వదినెకు మతి పోయింది, దవాఖానకు తీస్కపోండ్రి" అని శోకం అందుకున్నది.

నా తప్పేం లేదు. కోదాడ నుంచి మా తమ్ముడు ఈరన్న వచ్చిండు. మిర్యాలగూడ నుంచి మిల్లు సావుకారి గూడ కట్టె పట్టుకోని వచ్చిండు, పెద్దమనిషి. ఇద్దరు పక్కపక్క కూసుండిన్రు. "మా బావ కారుకు హెడ్‌రెస్టు కనిపెట్టింది నేనే" అని మా తమ్ముడు. "నీకు ఆలోచన ఇచ్చిందెవలయ్యా, నేను గాదా" అని సావుకారి. మనిషి పోయి ఫోటోల కూసున్నడు, వీళ్ల పంచాది మటుకు ఇంక తెగలే!

మీల సగం మందికి ఎరుక లేదు గద గా సంగతి, సెప్త ఇనుండ్రి. నాకేమో ఇంట్ల కూసోబుద్ధైతలేదు, పండబుద్ధైతలేదు. ఈ అర్రల నుంచి ఆ అర్రలకు తిరుగుకుంటనే సెప్తున్న. చెప్పుల చప్పుడు ఇనబడుతున్నదేమో, అవి నాయే.

గది తొంభైల మొదట్ల ముచ్చట. అప్పుడు మన అడ్డ మీద కార్లకు సీటు వీపు దాకనే ఉంటుండె. మెడకు దిక్కు లేదు. మునగాల కాడ ఎనుక నుంచి ఒక లారీ అట్ల తాకింది. కారుకు చిన్న సొట్ట. మా ఆయన మెడ మటుకు బిగుసుకపోయింది! పక్కకు సూడాలంటే దేవుని ఇగ్రహం తిప్పినట్టు మనిషంత తిరగాలె. డాక్టరేమో మెడకు పట్టా ఏసి, మెడ ఎనుక ఆసరా లేకుంట బండి నడపొద్దన్నడు. పట్టా ఏసుకోని అడ్డ మీద నిలబడితే ఎవలు ఎక్కుతరు? "డ్రైవర్ మెడనే నిలుస్తలేదు, మమ్ములనేం జేరుస్తడు?" అని పక్క కారు ఎక్కిన్రు.

గప్పుడే మిర్యాలగూడ సావుకారి బిడ్డ పెండ్లి వచ్చింది. శ్రావణమాసం. "లింగయ్యా, పిల్లను కోదాడ అత్తగారింటికి నీ కార్లనే పంపుత. పని మంచిగ జేస్తివా, ఇగ మిల్లు కారు పని ఎప్పటికి నీదే" అన్నడు. మెడ సంగతి ఆయనకు తెలిస్తే ఖతం. పట్టా తీసి జేబుల పెట్టి, మెడ సుట్టు కండువా ఏసుకున్నడు మా ఆయన. "మీకేం కావాలె సావుకారీ" అని నడుము కాడి నుంచి తిరిగి అడుగుతుంటే ఆయన మురిసిపోయిండు. "ఎంత మర్యాద! మనిషంత తిరిగి మాట్లాడుతడు" అన్నడు.

మాటల్ల మాట, హైదరాబాద్‌ల ఏదో కారుకు సీటు మీద దిండు అసొంటిది సూసిన్నని సావుకారే అన్నడు. గంతే ఆయన జేసింది! నేను ఆ మాట పట్టుకోని కోదాడకు ఉరికిన. మా తమ్ముడు సీట్లు కుట్టే షాపు పెట్టిండు గద. రెండు ఇనుప చువ్వలు వంచి సీటుకు బిగిచ్చిండు. "అక్కా, లోపటికి స్పాంజి బెజవాడ నుంచి రావాల. వారం ఆగు" అన్నడు. వారానికి పెండ్లే అయిపోతది!

ఇగ సూడుండ్రి నా తెలివి. మన ఇండ్లల్ల పసిపిల్లలకు తల గుండ్రంగ రావాలని ఆవాల దిండు పెడ్తం గద. తల ఎట్ల పెడితే అట్ల ఒంగుతది, మెడకు మెత్తగ ఉంటది. నా పిల్లలందరికి నేనే కుట్టిన. పిల్లలకు పనికొచ్చింది తండ్రికి పనికి రాదా? మిల్లు పక్కన సావుకారిదే కిరాణ దుకాణం ఉంటుండె, అండ్ల ఆవాలు తెచ్చి, పాత మక్మల్ జాకెట్ చించి, నిండ నింపి కుట్టి, చువ్వల నడుమ కట్టిన. మా ఆయన తల ఆనిచ్చి కండ్లు మూసుకున్నడు. "సైదమ్మా, మా అమ్మ ఒళ్లె పండుకున్నట్టున్నది" అన్నడు. నేను భూమ్మీద నిలుస్తనా!

పెండ్లి మూడొద్దులు ముసురే ముసురు. కారేమో మిల్లు ముంగట బయట. మా పాత కారుకు డ్రైవర్ దిక్కు అద్దం సగం దాకనే ఎక్కుతుండె. ఆవాలు తడిసినయని నాకెట్ల ఎరుక? మక్మల్ ఎండితే పైకి ఏం తెలుస్తలే.

అప్పగింతలైనయ్. పెండ్లిపిల్ల, పిలగాడు ఎనుక సీట్ల. పిల్లకు తోడు రమ్మని నన్ను ముంగట కూసోబెట్టిన్రు. సావుకారి ఎనుక జీపుల. మా ఆయన మెడ తిరగది గద, దారి పొడుగూత నేనే ఆయన కండ్లు. "కుడికి లారీ. ఎడమకు బర్రె. మళ్లొక బర్రె." పెండ్లిపిల్ల ఏడుపు ఆపి, "గీమె ఎందుకు బర్లను లెక్క వెడుతున్నది?" అని మొగుణ్ని అడిగింది. పెండ్లైనంక గా పిల్ల మాట్లాడిన మొదటి మాట గదే!

గరిడేపల్లి దాటినంక ఎండ వచ్చింది. ఏదో పచ్చి వాసన. ఇట్ల తిరిగి సూసిన. అమ్మో! మా ఆయన మెడ సుట్టు పచ్చగ గడ్డం మొలిసింది! కుట్లల్ల నుంచి ఆవాల మొలకలు, తెల్లటి కాడలు, రెండేసి ఆకులు! "ఏమయ్యా, కదలకు" అన్న. "కదిలేటట్టుంటే ఈ బాధెందుకు" అన్నడు. "చెవి కాడ చక్కలిగిల్లి అయితున్నది, ఏందది?" "ఏం లేదు, నువ్వు రోడ్డు సూడు."

పీకుదామంటే ఎనుక కొత్త జంట సూస్తున్నరు. కొంగు కప్పుదామంటే కోదాడ రానే వచ్చింది. వాకిట్ల పిలగాని నాయనమ్మ హారతి పళ్లెం పట్టుకోని నిలబడ్డది. జంటకు దిష్టి తీసి, కార్లకు తొంగి సూసింది. నా పాణం పోయింది. ఆమె పళ్లెం కింద పెట్టి రెండు సేతులు జోడించింది!

"పాలికలు! ఎంత చక్కగా మొలిచినయ్యో! పెళ్లిలో నవధాన్యాలు మొలకెత్తించే పాలికలు మూకుళ్లలో పెడతారు గానీ, ఇట్టా కారులో తెచ్చేది ఏ ఊరి ఆచారమమ్మా?"

నేను నోరు తెరిసేలోపట్నే జీపు దిగి సావుకారి వచ్చిండు. మొలకలు సూసిండు, వియ్యపోళ్ల మొఖాలు సూసిండు. "మా మిర్యాలగూడ ఆచారమే అమ్మా. ఆవాలు మా దుకాణంయే. సూడుండ్రి, ఒక్క గింజ పుచ్చు లేదు" అన్నడు. గింతల మా తమ్ముడు షాపు ఇడిసిపెట్టి ఉరికొచ్చిండు, తన పని సూసుకుందామని. "ఆ చువ్వలు వంచింది నేనే నాయనమ్మా, ఇది కోదాడ తయారీ" అన్నడు. అంతదాక నేనే కుట్టిన్నని ఊరంత సెప్పుకున్న దాన్ని, గప్పుడు మటుకు గోడ సాటుకు జరిగిన.

నాయనమ్మ హెడ్‌రెస్టుకు పసుపు రాసింది, బొట్టు పెట్టింది. మా ఆయన తల తిప్పలేడాయె, ఆయన ముక్కుకు గూడ ఇంత కుంకుమ. "నాయనా, పాలికలు నీళ్లలో వదిలేదాకా నువ్వు మెడ కదపగూడదు" అన్నది.

"సరేనమ్మా" అన్నడు మా ఆయన. నేను మూతి బిగబట్టుకున్న.

సాగర్ కాలువ దాక కారును మేళంతోని తీస్కపోయిన్రు. చువ్వల కాడి నుంచి నా దిండు ఇప్పి, ఆడోళ్లంత పాట పాడుకుంట నీళ్లల్ల ఇడిసిన్రు. వద్దని ఎట్లంట? ఎందుకమ్మా అంటే మెడ సంగతి బయటపడతది! నా మక్మల్ జాకెట్ అట్ల మునుక్కుంట తేలుకుంట పోతుంటే సూసుకుంట నిలబడ్డ. మా ఆయన మటుకు మెడ కదపలే. సావుకారి కండ్లల్ల నీళ్లు తెచ్చుకున్నడు. "ఇంత నిష్ఠ ఉన్న డ్రైవర్ యాడ దొరుకుతడు లింగయ్యా, రేపటి సంది మిల్లు పని నీదే" అన్నడు. మా తమ్ముడు ఇంక తలకాయ ఎగరేసుకుంటనే ఉన్నడు.

పని దొరికింది, దిండు పోయింది. సూర్యాపేటకు ఎట్ల పోవాలె? ఉత్త చువ్వలు మెడకు గుచ్చుకుంటున్నయ్. ఎనుక సీట్ల కూసోని, చువ్వల నడుమ నుంచి రెండు సేతులు పెట్టి, ఆయన మెడను నేనే పట్టుకున్న. దారిల లారోళ్లు హారన్ కొట్టి మరీ సూసిండ్రు. ఒకాయన కిటికీల నుంచి సగం ఒళ్లు బయటికి పెట్టి "ఓ అన్నా, పాణం బాగున్నదా?" అని అడిగిండు.

మునగాల దాటంగనే పోలీసాయన ఆపిండు. కార్లకు టార్చి కొట్టినట్టు కండ్లు పెట్టిండు. ముంగట ముక్కు మీద కుంకుమతోని డ్రైవరు, ఎనుక గొంతు పట్టుకోని ఆడమనిషి!

"ఏమ్మా, ఎందుకు పిసుకుతున్నవ్ ఆయనను? సెయ్యి తియ్యి!"

"తియ్యొద్దు సార్, తియ్యొద్దు" అని మా ఆయన ఒర్లిండు. "అది హెడ్‌రెస్టు సార్!"

"హెడ్‌రెస్టా? గిసొంటిది నేనెన్నడు సూడలే. ఎవలు తయారు జేసిన్రయ్యా?"

మా ఆయన నడుము కాడి నుంచి మనిషంత తిరిగి, దండం పెట్టి సెప్పిండు: "మా మామ, సార్. ఒక్కటే పీసు."

పోలీసాయన నవ్వలేక కూలబడ్డడు. పొమ్మని సెయ్యి ఊపిండు. ఆయన అనుమానపడ్డది అప్పటిదాక అబద్ధమే గాని, మునగాల నుంచి సూర్యాపేట దాక మటుకు నేను నిజంగనే పిసికిన.