రాతికి కట్టిన మొక్క

బైండింగు మాష్టారికి వంకర గిట్టదు. ముప్ఫయ్యేళ్లుగా పుస్తకాల వెన్నులు నిటారుగా నిలబెట్టిన మనిషి. దారినపోయేవాడి కాలరు మడతపడినా ఆయన వేళ్లు ఊరుకోవు. అటువంటి మనిషి ముందుగదిలో ఒక గాజుతొట్టె, అందులో నాలుగు చేపలు, వాటిని మించి గడ్డి. గడ్డి అన్నది మాష్టారు. ఆయన భార్య మాత్రం మొక్కలనేది.

"నీళ్లు పోయక్కర్లేని మొక్కలు పెంచడంలో గొప్పేముందే?" అని ఆయనా, "చదవకుండా పుస్తకాలు కుట్టడంలో ఉందేమిటి?" అని ఆవిడా రోజుకొకసారి అనుకోవడం ఆ ఇంటి నిత్యవిధి.

ఆవిడ పోయి పదకొండు నెలలైంది. మాష్టారు తన వంతు ఇప్పటికీ తప్పకుండా నిర్వర్తిస్తున్నారు.

తొట్టె మధ్యలో వెడల్పాటి ఆకుల మొక్క ఆవిడ చేత్తో పెట్టిన ఆఖరిది. రాతి మీద పక్కకు ఒరిగి పడుకుని ఉండేది. మాష్టారు పది నెలలు ఓర్చుకున్నారు. ఆ తర్వాత ఒకరోజు చొక్కా చేతులు పైకి మడిచి, దాని దుంపను రాతితో సహా గులకరాళ్లలో పాతి, నిటారుగా నిలబెట్టి, రెండడుగులు వెనక్కి వేసి తృప్తిగా చూసుకున్నారు. నెల తిరక్కుండా ఆకులు ఉల్లిపొరలా పలచబడి జారిపోయాయి. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడమంటారు; ఈయనకు పట్టుకోవడానికి మూడే మిగిలాయి.

చేపల కొట్టాయన్ని పిలుచుకొచ్చారు. ఆయన మోచేతిదాకా చెయ్యి తొట్టెలో పెట్టి మొక్కను రాతితో సహా పైకి తీశాడు.

"దుంపనెవరు పాతారండీ?"

"నేనే. వంకరగా ఉంటేను."

"ఇది మా బావమరిది లాంటిది మాష్టారూ. పడుకుంటేనే ఆరోగ్యం. దుంప పైనుండాలి, వేళ్లు రాతిని పట్టుకోవాలి. అందుకే అమ్మగారు దారంతో కట్టారు, చూడండి."

మాష్టారు చూశారు. మైనం పట్టించిన తెల్లదారం. ఆయన పనిబల్ల మీదిదే. దారపు ఉండ ఎలా తరిగిపోతోందని అడిగినప్పుడల్లా ఆవిడ "ఎలకలు" అనేది. ఆ మాట మీద ఆయన రెండు నెలలు బోను కూడా పెట్టారు. ముడి చూస్తే సందేహమే లేదు: ఒకదాని మీద ఒకటి ఐదు. సరిగ్గా వేస్తే ఒక్కటి చాలదా అని ఎన్నిసార్లు దెప్పారో.

"కుళ్లు ఈ దారం కిందే ఉంది. అక్కడిదాకా కోసేస్తే ఈ చివరి ముక్క బతుకుతుంది. కత్తెరుందాండీ?"

కత్తెర లేని ఇల్లా అది. మాష్టారు తెచ్చారు గానీ ఇవ్వలేదు.

"దారం ఉంచి కోయడం కుదరదా?"

"దారం ఉంచుకుంటే మొక్కుండదండీ."

మాష్టారు ముడి మీద వేలుంచారు. తర్వాత ముడి చెడకుండా, దాని పక్కగా తనే కత్తిరించారు. ఐదు ముళ్ల తునక చొక్కా జేబులోకి వెళ్లింది. కుళ్లిన భాగం కోసేసి, మిగిలిన ముక్కను రాతి మీద పడుకోబెట్టి, కొత్తదారంతో ఒక ముడి వేశారు. అది ముప్ఫయ్యేళ్ల అనుభవం గల ముడి.

"చాల్లెండి, ఇంక ఊడదు" అన్నాడు కొట్టాయన.

మాష్టారు దాని మీద మరొకటి వేశారు. ఆపైన ఇంకొకటి. ఐదయ్యాక దారం కొరికి రాతిని నీళ్లలోకి దించారు.

"చిగురెప్పుడేస్తుంది?"

"నిదానం జాతండీ. నెలకో ఆకు. ఎవరూ సర్దకుండా ఉంటే."

కొట్టాయన వెళ్లాక మాష్టారు తొట్టె ముందు కుర్చీ వేసుకున్నారు. మొక్క వంకరగానే ఉంది.

"నీళ్లు పోయక్కర్లేని మొక్కలు పెంచడంలో గొప్పేముందే?" అన్నారు.

అని, జవాబుకు పట్టేంతసేపు ఆగారు.