అర్థం, వాడుక, పుట్టుక

మా మావయ్య ముందు ఇంగ్లీషు మాట జారామా, మన పని అయిపోయినట్టే. దాని అర్థం, వాడుక, పుట్టుక మూడూ చెప్పేదాకా మనిషిని కదలనివ్వడు. వృత్తికి దర్జీ. మెడలో టేపు, కుట్టుమిషను పక్కన అట్ట ఊడిన డిక్షనరీ లేకుండా ఆయన్ని నేనెప్పుడూ చూడలేదు.

ఒకసారి ఓ పెళ్ళికొడుకు ప్యాంటు రెండు చేతులా పట్టుకుని కొట్లోకి పరుగెత్తుకొచ్చాడు.

"బటన్ ఊడిందండీ! అరగంటలో పెళ్ళి!"

"బటన్!" మావయ్య సూది పక్కన పెట్టేశాడు. "అర్థం నీకు తెలుసు. వాడుక ఇవాళ బాగా తెలిసొచ్చింది. ఇక పుట్టుక అంటావా, ఫ్రెంచి. మొగ్గ అని."

"మొగ్గ సంగతి తర్వాత, ముందు కుట్టండి బాబూ!" అంటూ అతను చేతులు జోడించాడు. జోడించగానే ప్యాంటు జారింది. నేను బిత్తరపోయి గోడవైపు తిరిగాను.

అలాంటి మనిషిని, నాన్న ఊళ్ళో లేడని, నా పదో తరగతిలో హెడ్మిస్ట్రెస్ పెద్దవాళ్ళని రమ్మంటే బడికి పంపారు ఇంట్లోవాళ్ళు. లెక్కల్లో నాకు పదకొండు మార్కులొచ్చాయి మరి.

హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు తీసింది. "ఈ పిల్ల డన్స్ అండీ. పబ్లిక్ పరీక్షకి పంపితే బడి పరువు పోతుంది. పంపను."

ఏడాది చదువు పోయిందని నేను ఏడుపు దిగమింగుతున్నాను. మావయ్య కళ్ళు మాత్రం మెరిశాయి. ఓరి దేవుడా అనుకుని ఆయన చొక్కా లాగాను. ఆగితేనా!

"డన్స్! అర్థం, మొద్దు. వాడుక, ఇప్పుడు మీరే చూపించారు. పుట్టుకే వదిలేశారు. ఏడొందల ఏళ్ళ కిందట ఓ మహాపండితుడుండేవాడమ్మా, అది ఆయన పేరు. ఆయన శిష్యులంటే గిట్టనివాళ్ళు తర్వాతెప్పుడో దాన్ని తిట్టు చేసి పెట్టారు. పండితుడి పేరుతో పిలిచి, పరీక్ష రాయనివ్వనంటే ఎలా?"

టీ తెచ్చిన ఆయా గుమ్మంలోనే నిలబడిపోయింది. హెడ్మిస్ట్రెస్ కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది.

"పాసవుతుందని గ్యారంటీ ఇస్తారా?"

"గ్యారంటీ!" అని మావయ్య కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

"వద్దు మహానుభావా!" అంటూ ఆవిడ గబగబా నా ఫారం మీద సంతకం పెట్టేసింది.

బయటికొచ్చాక కూడా నేను తేరుకోలేదు. "ఆ మాట గురించి నీకంత ఎలా తెలుసు మావయ్యా?"

"ఐదో తరగతిలో మా మేష్టారు నన్ను అదే మాట అన్నారు. అర్థం ఆ రోజే తెలిసింది, బడి మానేశాను. పుట్టుక తెలిసేసరికి ఇరవై ఏళ్ళు పట్టింది." మెడలో టేపు సర్దుకున్నాడు. "అందుకే ఎవరికైనా మూడూ కలిపే చెప్తాను. అర్థం ఒక్కటే విని ఇంటికెళ్ళిపోకూడదు."

ఇన్నాళ్ళూ ఆయన్ని చూసి నవ్విన నవ్వంతా గుర్తొచ్చి సిగ్గేసింది. లెక్కల్లో నలభై ఒకటి తెచ్చుకోవడం తర్వాతి సంగతి. అప్పుడు మాత్రం ఒళ్ళు మరిచి, "థాంక్స్ మావయ్యా" అనేశాను.

"థాంక్స్!" మావయ్య నడిరోడ్డు మీద ఆగిపోయాడు. మేమెక్కాల్సిన బస్సు మా ముందునుంచే వెళ్ళిపోయింది.

"ఊఁ, అర్థం నాకు తెలుసు" అన్నాను. "పుట్టుక చెప్పు."